స్థూలకాయ పునఃశస్త్రచికిత్స

స్థూలకాయ పునఃశస్త్రచికిత్స అనగా బరువు తగ్గుట కొరకు గతంలో జీర్ణాశయము మీద, చిన్నప్రేగుల మీద జరిగిన శస్త్రచికిత్స వలన ఉపద్రవాలు కలిగినపుడు, లేదా ఆ చికిత్స ఆశించిన ఫలితమును ఇవ్వనపుడు మరల చేసే శస్త్రచికిత్స. ఇది మొదటి శస్త్రచికిత్సను తిరిగి ఒకసారి చేయుట కాదు. మొదటిసారి ఏర్పడిన అమరికలో ఎక్కడ ఏ దోషము కలదో కనుగొని, ఆ దోషమునకు తగిన మార్పు చేయుట దీని ఉద్దేశము. అందుచేత ఈ చికిత్సలో కారణ నిర్ణయమునకు ఎంతో ప్రాముఖ్యత ఉన్నది.

స్థూలకాయ శస్త్రచికిత్సల సంఖ్య ప్రపంచమంతటా పెరిగిన కొలదీ పునఃశస్త్రచికిత్సల అవసరమూ పెరిగింది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఇటీవలి సంవత్సరాలలో జరుగుతున్న స్థూలకాయ శస్త్రచికిత్సలలో పదవ వంతుకు పైగా ఇటువంటివే. శస్త్రచికిత్స చేయించుకొన్న వారిలో అధికులకు రెండవసారి అవసరము కలుగదు. కాని అవసరమైనవారిలో దానిని సకాలములో గుర్తించకపోతే ప్రాణాపాయము కలుగవచ్చును.

నేపథ్యము

ఉపద్రవాలను అర్థము చేసుకొనుటకు మొదటి శస్త్రచికిత్సలలో జీర్ణనాళము ఏవిధముగా మారుతుందో తెలియవలెను. ప్రస్తుతము వాడుకలో ఉన్నవి, గతములో విరివిగా జరిగినవి ఇవి:

* స్లీవ్ గాస్ట్రెక్టమీ: జీర్ణాశయములో సుమారు నాలుగింట మూడు వంతులను, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, తొలగించి మిగిలిన భాగమును సన్నని గొట్టము వలె మిగులుస్తారు. ప్రేగుల అమరిక మారదు. నేడు భారతదేశములోను, ప్రపంచములోను ఎక్కువగా జరుగుతున్నది ఇదే.
* రూ-ఎన్-వై గాస్ట్రిక్ బైపాస్: జీర్ణాశయము పైభాగములో సుమారు 30 మి.లీ. పట్టే చిన్న సంచిని వేరు చేసి, దానికి చిన్నప్రేగును అతుకుతారు. మిగిలిన జీర్ణాశయము శరీరములోనే ఉంటుంది గాని ఆహారము దాని గుండా పోదు. పిత్తరసము, క్లోమరసము కొంత దూరము క్రిందికి పోయిన పిమ్మటనే ఆహారముతో కలుస్తాయి.
* ఒకే అతుకు గల బైపాస్: దీనినే మినీ బైపాస్ అని కూడ పిలుస్తారు. పొడవైన జీర్ణాశయ గొట్టమునకు చిన్నప్రేగును ఒకేచోట అతుకుతారు.
* సర్దుబాటు పట్టీ: జీర్ణాశయము పైభాగము చుట్టూ సిలికోన్ పట్టీని బిగిస్తారు. చర్మము క్రింద అమర్చిన చిన్న బిళ్ళ ద్వారా ద్రవమును ఎక్కించి, తీసి, బిగువును మార్చవచ్చును.
* ఆంత్రమూల మార్పిడి: స్లీవ్‌తో బాటు చిన్నప్రేగులో అధిక భాగమును ఆహార మార్గము నుండి తప్పిస్తారు. బరువు ఎక్కువగా తగ్గుతుంది, పోషకాహార లోపములు కూడ ఎక్కువగా కలుగుతాయి.

ఎవరికి ఈ శస్త్రచికిత్సలు చేయవచ్చును అనుటకు దేహ ద్రవ్యరాశి సూచికను ప్రమాణముగా తీసుకొంటారు. కిలోగ్రాములలో బరువును, మీటర్లలో ఎత్తు యొక్క వర్గముతో భాగించగా వచ్చే సంఖ్య ఇది. 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సభ ఈ సంఖ్య 40 ఉన్నవారికి, లేదా 35 ఉండి తీవ్రమైన అనుబంధ వ్యాధులున్నవారికి శస్త్రచికిత్సను సూచించింది. 2022లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఆ పరిమితిని తగ్గించి, ఆసియా ప్రజల విషయములో 27.5 నుండి కూడ పరిశీలించవచ్చునని పేర్కొన్నాయి.

చరిత్ర

ఈ రంగ చరిత్రలో ప్రతి కొత్త శస్త్రచికిత్స వెనుక దానికి ముందున్న దాని లోపము ఒకటి కనిపిస్తుంది.

1954లో అమెరికాలోని మిన్నెసోటాకు చెందిన క్రెమెన్, లిన్నర్, నెల్సన్ అను వైద్యులు చిన్నప్రేగులో అధిక భాగమును ఆహార మార్గము నుండి తప్పించే పద్ధతిని వివరించారు. తరువాత రెండు దశాబ్దాలలో ఈ తరహా శస్త్రచికిత్స చాలామందికి జరిగింది. ఆహారము ప్రయాణించే చిన్నప్రేగు అర మీటరుకు లోపే మిగిలేది. బరువు తగ్గేది గాని విడువని విరేచనాలు, లవణ లోపాలు, మూత్రపిండాలలో రాళ్ళు, కీళ్ళ వాపులు, కాలేయ వైఫల్యము సంభవించేవి. అనేకులకు ఆ అమరికను విప్పి ప్రేగులను పూర్వస్థితికి తేవలసి వచ్చింది. స్థూలకాయ పునఃశస్త్రచికిత్సకు ఇదే ఆరంభమని చెప్పవచ్చును.

1966లో అయోవా విశ్వవిద్యాలయములో ఎడ్వర్డ్ మేసన్, చికాషి ఇటో గాస్ట్రిక్ బైపాస్‌ను ప్రారంభించారు. 1980 ప్రాంతములో మేసన్ జీర్ణాశయమును నిలువుగా స్టేపుల్స్‌తో విభజించి, దాని ద్వారమునకు పట్టీ వేసే పద్ధతిని ప్రవేశపెట్టాడు. కాలక్రమములో స్టేపుల్స్ వరుస విడిపోవుట, పట్టీ జీర్ణాశయములోకి దిగబడుట వలన వీరిలో పలువురికి బైపాస్‌గా మార్చవలసి వచ్చింది. ఇటలీలో నికోలా స్కోపినారో 1976లో పిత్తరసమును, క్లోమరసమును మళ్ళించే పద్ధతిని ఆరంభించాడు.

1990ల ఆరంభములో చిన్న రంధ్రాల ద్వారా శస్త్రచికిత్స చేయు లాపరోస్కోపీ ఈ రంగములోకి వచ్చింది. విట్‌గ్రోవ్, క్లార్క్ అనువారు 1993లో ఆ పద్ధతిలో బైపాస్ చేశారు. సర్దుబాటు పట్టీకి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2001లో అనుమతి ఇచ్చింది. కోత తక్కువ, అవసరమైతే తీసివేయవచ్చును అను కారణములతో అది వ్యాపించింది. పది పదిహేను సంవత్సరములు గడిచేసరికి తొలగించవలసిన పట్టీల సంఖ్య పెరిగి, దాని వాడుక బాగా తగ్గిపోయింది. దాని స్థానమును స్లీవ్ ఆక్రమించింది. నేడు పునఃశస్త్రచికిత్సకు వచ్చేవారిలో స్లీవ్ చేయించుకొన్నవారి సంఖ్య పెరుగుతున్నది.

రకములు

పునఃశస్త్రచికిత్సలను మూడు విధములుగా విభజిస్తారు.

* దిద్దుబాటు: ఉన్న అమరికను అలాగే ఉంచి లోపమును సరిచేయుట. ఉదాహరణకు పుండు పడిన అతుకును తొలగించి కొత్తగా అతుకుట, ప్రేగు జారిన సందును కుట్టివేయుట.
* మార్పిడి: ఒక పద్ధతి నుండి మరియొక పద్ధతికి మార్చుట. ఉదాహరణకు స్లీవ్‌ను బైపాస్‌గా మార్చుట.
* పూర్వస్థితి పునరుద్ధరణ: జీర్ణనాళమును వీలైనంతవరకు సహజమైన అమరికకు తెచ్చుట. బైపాస్‌లో జీర్ణాశయము లోపలే ఉంటుంది కనుక ఇది సాధ్యము. స్లీవ్‌లో కోసిన భాగమును శరీరము నుండి తీసివేస్తారు కనుక దానిని వెనుకకు తెచ్చుట ఎన్నటికీ సాధ్యము కాదు. మొదటి శస్త్రచికిత్సకు అంగీకరించే ముందే రోగికి ఈ సంగతి తెలిసి ఉండవలెను.

ఉపద్రవములు - వాటికి చికిత్స

కుట్ల వద్ద కారుట

స్టేపుల్స్ వరుసలో గాని అతుకులో గాని సందు ఏర్పడి, లోపలి ద్రవములు ఉదరకుహరములోకి కారుట తొలి రోజులలో కలిగే ఉపద్రవాలలో మిక్కిలి భయంకరమైనది. స్లీవ్‌లో ఇది సాధారణముగా అన్నవాహిక జీర్ణాశయముతో కలిసే చోటుకు దిగువన, బైపాస్‌లో జీర్ణాశయ సంచికి ప్రేగును అతికిన చోట ఏర్పడుతుంది. స్థూలకాయులలో కడుపు గట్టిపడుట వంటి లక్షణాలు స్పష్టముగా తెలియవు. నాడి నిమిషానికి 120 దాటుట, జ్వరము, ఆయాసము, ఎడమ భుజములో నొప్పి, కారణము తెలియని ఆందోళన ముందుగా కనిపించవచ్చును. అన్నిటికంటె ముందు మారేది తరచుగా నాడియే.

రోగి పరిస్థితి విషమముగా ఉన్నచో వెంటనే ఉదరమును శుభ్రపరచి, ద్రవములు బయటికి పోవుటకు గొట్టాలు అమర్చుతారు. ఆ సమయములో వాచిన కణజాలమునకు కుట్లు నిలువవు కనుక రంధ్రమును మూయుటకంటె చీమును బయటికి పంపుట, సూక్ష్మజీవనాశకాలు ఇచ్చుట, పోషణ నిలుపుట ముఖ్యము. పరిస్థితి నిలకడగా ఉన్నవారికి ఎండోస్కోపీ ద్వారా స్టెంటు, లోపలి వైపుకు ప్రవహింపజేసే చిన్న గొట్టాలు, శూన్యపీడన చికిత్స వంటివి ఉపయోగిస్తారు. నెలల తరబడి మానక ఫిస్టులాగా మిగిలితే, ఆ రంధ్రమునకే ప్రేగును అతుకుట గాని, అరుదుగా జీర్ణాశయమును పూర్తిగా తొలగించుట గాని అవసరమవుతుంది.

స్లీవ్ సన్నబడుట

జీర్ణాశయపు గొట్టము వంపు తిరిగే చోట ఇరుకుగా ఏర్పడుట వలన గాని, మెలిపడుట వలన గాని ఆహారము ముందుకు సాగదు. తిన్నది వాంతి కావడము, క్రమముగా మంచినీరు కూడ నిలువకపోవడము దీని లక్షణాలు. ముందుగా ఎండోస్కోపీ ద్వారా బెలూనుతో వ్యాకోచింపజేస్తారు. పలుమార్లు చేసినను ఫలితము లేకపోతే బైపాస్‌గా మార్చుతారు.

ఆమ్ల తిరోగమనము

స్లీవ్ తరువాత జీర్ణాశయములో పీడనము పెరిగి, ఆమ్లము అన్నవాహికలోకి ఎగదన్నుట సామాన్యముగా కనిపించే సమస్య. ఫిన్లండులో 240 మంది రోగులపై జరిపిన ఒక పరిశోధన యొక్క పది సంవత్సరాల ఫలితాలు 2022లో వెలువడినాయి. స్లీవ్ చేయించుకొన్నవారిలో 31 శాతమునకు, బైపాస్ చేయించుకొన్నవారిలో 7 శాతమునకు అన్నవాహికలో వాపు కనిపించింది. అన్నవాహిక లోపలి పొర మారి, కాన్సరుకు పూర్వస్థితిగా భావించబడే బారెట్ మార్పు మాత్రము రెండు వర్గాలలోను 4 శాతము వద్ద సమానముగా ఉన్నది.

మంట ఉన్నంత మాత్రమున శస్త్రచికిత్స అవసరము లేదు. మందులు, భోజన వేళల సవరణ అనేకులకు చాలును. ఇవి పనిచేయనపుడు ఎండోస్కోపీతో బాటు ఆమ్ల పరిమాణమును కొలిచే పరీక్షలు చేసి, రూ-ఎన్-వై బైపాస్‌గా మార్చుతారు. జీర్ణాశయము ఉదరవితానములోని రంధ్రము గుండా ఛాతీలోకి జారి ఉంటే దానిని కూడ అదే సమయములో సరిచేస్తారు.

అతుకు వద్ద పుండు

బైపాస్‌లో జీర్ణాశయ సంచికి అతికిన చిన్నప్రేగు, ఆమ్లమును తట్టుకొనుటకు సహజముగా ఏర్పడినది కాదు. అందుచేత అతుకు వద్ద పుండు పడవచ్చును. పొగత్రాగుట, నొప్పి నివారణ మాత్రలు, హెలికోబాక్టర్ పైలోరీ అను సూక్ష్మజీవి, జీర్ణాశయ సంచి పెద్దదిగా ఉండుట, సంచికి పాత జీర్ణాశయమునకు నడుమ మార్గము ఏర్పడుట దీనికి ముఖ్య కారణములు.

చికిత్సకు మొదటి మెట్టు కారణమును తొలగించుట. ఆమ్లమును తగ్గించు మందులను, పుండుపై పూత వలె పనిచేయు సుక్రాల్‌ఫేట్‌ను కొన్ని నెలలు వాడితే అధిక భాగము మానుతాయి. మానని పుండుకు, రక్తస్రావమునకు, రంధ్రము పడుటకు శస్త్రచికిత్స అవసరము. పాత అతుకును తొలగించి కొత్తది ఏర్పరచి, కొందరిలో ఆమ్ల స్రావమును ప్రేరేపించు వేగస్ నాడిని కూడ ఖండిస్తారు. అయితే రోగి పొగత్రాగుట మానకపోతే కొత్త అతుకు మీద కూడ పుండు తిరిగి వస్తుంది.

అంతర్గత హెర్నియా

బైపాస్‌లో ప్రేగులను కొత్తగా అమర్చినపుడు, వాటిని పట్టి ఉంచే మెసెంటరీ అను పొరలో సందులు ఏర్పడుతాయి. మొదట వాటి చుట్టూ ఉన్న క్రొవ్వు వాటిని కొంత మూసి ఉంచుతుంది. రోగి బరువు తగ్గగా ఆ క్రొవ్వు కరిగి సందులు వెడల్పవుతాయి. ప్రేగు వాటిలో దూరి మెలిపడి, రక్తప్రసరణ ఆగిపోవచ్చును. కావున ఈ ఉపద్రవము శస్త్రచికిత్స జరిగిన నెలలకు, సంవత్సరాలకు, రోగి ఆరోగ్యముగా ఉన్న కాలములోనే వస్తుంది.

భోజనానంతరము బొడ్డు పైభాగములో తెరలు తెరలుగా వచ్చి పోయే నొప్పి, వీపులోకి ప్రాకే నొప్పి దీని లక్షణాలు. బైపాస్‌లో వాంతి కాకపోవచ్చును, కడుపు ఉబ్బకపోవచ్చును. ఈ కారణముచేత దీనిని అజీర్ణముగా, వాయువుగా పొరబడే అవకాశము ఎక్కువ. సి.టి. స్కానులో రక్తనాళాలు సుడి వలె తిరిగి కనిపించుట బలమైన సూచన. అయితే స్కాను మామూలుగా ఉన్నంత మాత్రమున హెర్నియా లేదని చెప్పుటకు వీలులేదు. అనుమానము బలముగా ఉన్నపుడు లాపరోస్కోపీతో లోపల చూచుటయే నిర్ధారణ మార్గము. గర్భవతులలో పెరిగే గర్భాశయము ప్రేగులను పైకి నెట్టుట వలన ఈ ప్రమాదము ఉన్నది. బైపాస్ అయిన గర్భవతికి తీవ్రమైన కడుపు నొప్పి వచ్చినచో అది ప్రసవపు నొప్పియే అని తలచి ఊరకుండరాదు.

స్వీడన్‌లో 12 వైద్యకేంద్రాలలో 2,507 మందిపై జరిగి 2016లో ప్రచురింపబడిన పరిశోధనలో, మొదటి శస్త్రచికిత్సలోనే ఈ సందులను మూసివేసినచో, ప్రేగు అడ్డుపడి మూడు సంవత్సరాలలో మరల శస్త్రచికిత్స చేయవలసి రావడము 10.2 శాతము నుండి 5.5 శాతమునకు తగ్గినట్లు తేలింది.

పట్టీ సంబంధమైనవి

పట్టీ క్రిందికి జారుట, జీర్ణాశయపు గోడను ఒరిసి లోపలికి దిగబడుట, పట్టీకి పైన అన్నవాహిక వ్యాకోచించుట, చర్మము క్రింది బిళ్ళ తిరగబడుట లేదా చీము పట్టుట ముఖ్యమైనవి. జారినపుడు ముందుగా ద్రవమును పూర్తిగా తీసివేసి బిగువును వదలిస్తారు. దిగబడిన పట్టీని తొలగించవలసిందే. తరువాత మరియొక శస్త్రచికిత్స చేయదలచినచో, కణజాలము కోలుకొనుటకు కొన్ని నెలల వ్యవధి ఇచ్చి రెండు దశలుగా చేయుట క్షేమకరము.

పిత్తరసము పైకి వచ్చుట

ఒకే అతుకు గల బైపాస్‌లో పిత్తరసము అతుకు ముందుగానే ప్రవహిస్తుంది. కొందరిలో అది జీర్ణాశయ గొట్టములోకి, అన్నవాహికలోకి ఎగదన్ని మంటను, చేదు నీళ్ళను కలిగిస్తుంది. ఆమ్లమును తగ్గించు మందులు దీనికి అంతగా పనిచేయవు. రూ-ఎన్-వై పద్ధతికి మార్చి, పిత్తరసమును క్రిందికి మళ్ళించుట పరిష్కారము.

పోషకాహార లోపములు

ఇనుము ప్రధానముగా ఆంత్రమూలములో గ్రహింపబడుతుంది. బి12 విటమిను గ్రహింపబడుటకు జీర్ణాశయములో ఉత్పత్తి అయ్యే ఒక పదార్థము అవసరము. ఈ రెండు స్థానాలను తప్పించిన బైపాస్‌లో రక్తహీనత, నరాల బలహీనత ఏర్పడవచ్చును. కాల్షియము, డి విటమిను లోపముతో ఎముకలు బలహీనపడుతాయి. మాంసకృత్తుల లోపము తీవ్రమైతే పాదాల వాపు, కండరాల క్షీణత, జుట్టు ఊడుట కనిపిస్తాయి. వీటిలో అధిక భాగము మాత్రలతో, సూదిమందులతో, ఆహారముతో సరిచేయదగినవి. తప్పించిన ప్రేగు మరీ పొడవుగా ఉండి, పోషణ ఏ విధముగాను నిలువనపుడు, ఆహారము ప్రయాణించే ప్రేగు పొడవును పెంచుటకు గాని, పూర్వస్థితిని పునరుద్ధరించుటకు గాని శస్త్రచికిత్స చేస్తారు.

భోజనము చేసిన కొద్దిసేపటికే చెమటలు, గుండెదడ, విరేచనాలు కలిగే డంపింగ్ లక్షణాలకు, గంట నుండి మూడు గంటల తరువాత రక్తములో చక్కెర పడిపోవుటకు ఆహార నియమములు, మందులే మొదటి చికిత్స. శస్త్రచికిత్స చివరి ప్రయత్నము మాత్రమే.

థయమిన్ లోపము - అత్యవసర పరిస్థితి

బి1 విటమిను అయిన థయమిన్ నిల్వలు శరీరములో రెండు మూడు వారాలకు మించి ఉండవు. సన్నబడిన స్లీవ్ వలన గాని, మరే ఇతర కారణము వలన గాని వాంతులు వారాల తరబడి సాగితే ఈ నిల్వలు అడుగంటుతాయి. అపుడు వెర్నికే వ్యాధి సంభవిస్తుంది. నడక తూలుట, కనుగుడ్లు అదురుట, వస్తువులు రెండుగా కనిపించుట, మతి తప్పుట దీని లక్షణాలు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తికి శాశ్వత నష్టము వాటిల్లుతుంది.

ఇక్కడ ఒక ప్రమాదమును ప్రత్యేకముగా చెప్పవలసి ఉన్నది. వాంతులతో నీరసించిన మనిషికి గ్లూకోజు సీసా ఎక్కించుట మన ఊళ్ళలో సర్వసాధారణము. థయమిన్ లోపించిన శరీరములోకి ముందుగా గ్లూకోజును ఎక్కిస్తే, దానిని వినియోగించుటకు మిగిలిన కొద్దిపాటి థయమిన్ కూడ ఖర్చయి వెర్నికే వ్యాధి బయటపడవచ్చును, ఉన్నది ముదరవచ్చును. కావున ఈ రోగులకు థయమిన్‌ను గ్లూకోజుకు ముందు, లేదా దానితో బాటుగా, సిర ద్వారా ఇవ్వవలెను. చికిత్స చేసే వైద్యుడు స్థూలకాయ శస్త్రచికిత్స నిపుణుడు కాకపోవచ్చును. పూర్వము జరిగిన శస్త్రచికిత్స సంగతి రోగి గాని, బంధువులు గాని చెప్పకపోతే ఆ వైద్యునికి ఈ అనుమానము రాదు.

బరువు మరల పెరుగుట

ఉపద్రవము ఏదీ లేకుండ, తగ్గిన బరువు తిరిగి పెరుగుట వలన కూడ కొందరు పునఃశస్త్రచికిత్సకు వస్తారు. కనిష్ఠ బరువుకు చేరిన పిదప కొంత బరువు పెరుగుట చాలామందిలో సహజము. అధికముగా పెరిగినపుడు కారణములను వెదకవలెను. జీర్ణాశయ సంచి గాని అతుకు గాని వెడల్పగుట, సంచికి పాత జీర్ణాశయమునకు మార్గము ఏర్పడుట శరీర నిర్మాణ సంబంధమైనవి. స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వ్యాధుల మందులు, థైరాయిడ్ లోపము, ఆహారపు అలవాట్లు ఇతర కారణములు. కోల్పోయిన బరువును తిరిగి పొందుటకు ఆకలిని పెంచి, శక్తి వ్యయమును తగ్గించుట శరీరము యొక్క స్వభావము. అందుచేత దీనిని కేవలము రోగి మనోబల లోపముగా నిందించుట శాస్త్రసమ్మతము కాదు. ఇటువంటి నిందకు వెరచి వైద్యుని వద్దకు వెళ్ళుట మానినవారు, తరువాత వచ్చే ఉపద్రవాలను కూడ ఆలస్యముగా తెలుసుకొంటారు.

నిర్మాణ లోపము ఉన్నచో దానిని సరిచేయుట వలన ప్రయోజనము ఉంటుంది. అట్టి లోపము లేనపుడు స్లీవ్‌ను బైపాస్‌గా గాని ఆంత్రమూల మార్పిడిగా గాని మార్చుట, బైపాస్‌లో తప్పించిన ప్రేగు పొడవును పెంచుట వంటివి చేస్తారు. వీటిలో చివరిదాని వలన బరువు తగ్గినను మాంసకృత్తుల లోపము కలిగే ప్రమాదము అధికము. 2021లో సెమాగ్లూటైడ్, 2023లో టిర్జెపటైడ్ అను మందులకు స్థూలకాయ చికిత్స కొరకు అమెరికాలో అనుమతి లభించింది. 2025లో ఇవి భారతదేశములోను ఈ ప్రయోజనము కొరకు విపణిలోకి వచ్చాయి. నిర్మాణ లోపము లేక బరువు మాత్రమే పెరిగిన వారిలో కొందరికి ఈ మందులు రెండవ శస్త్రచికిత్సను తప్పించగలుగుతున్నాయి. కాని సన్నబడిన స్లీవ్‌కు, మానని పుండుకు, ప్రేగు మెలికకు ఇవి చికిత్స కావు.

ముందుగా చేయవలసిన పరీక్షలు

పునఃశస్త్రచికిత్సకు ముందు శస్త్రవైద్యుడు తెలుసుకొనవలసిన మొదటి విషయము, పూర్వము జరిగినది ఖచ్చితముగా ఏమిటి అనునది. "బరువు తగ్గే ఆపరేషను" అను ఒక్క మాట చాలదు. మొదటి శస్త్రచికిత్స యొక్క వివరణ పత్రములో పద్ధతి పేరు, ప్రేగు పొడవుల కొలతలు, సందులను మూసినారా లేదా అను వివరములు ఉంటాయి. ఆ పత్రము దొరకనపుడు అమరికను పరీక్షల ద్వారానే ఊహించవలసి వస్తుంది.

* ఎండోస్కోపీ: పుండు, సన్నబడిన చోటు, సంచి పరిమాణము, ఫిస్టులా తెలుస్తాయి.
* బేరియమ్ లేదా నీటిలో కరిగే వర్ణక ద్రవమును త్రాగించి తీయు ఎక్స్-రే: ద్రవము పోవు మార్గము తెలుస్తుంది.
* సి.టి. స్కాన్: చీము గడ్డలు, హెర్నియా, ప్రేగు అడ్డంకులు తెలుస్తాయి.
* రక్త పరీక్షలు: హీమోగ్లోబిన్, ఇనుము, బి12, డి విటమిను, ఆల్బుమిన్, కాల్షియము.
* ఆహార నిపుణుల, మానసిక నిపుణుల పరిశీలన.

అత్యవసరము కానిచో, పోషణ లోపములను ముందు సరిచేసి, పొగత్రాగుట మాన్పించి, ఆ పిమ్మటనే శస్త్రచికిత్స చేస్తారు. క్షీణించిన శరీరములో అతుకులు సరిగా మానవు.

ప్రమాదములు

ఒకసారి కుట్టిన బట్టను విప్పి మరల కుట్టుట కొత్తబట్టను కుట్టుటకంటె కష్టము. శరీరము విషయములోను అంతే. పాత శస్త్రచికిత్స వలన అవయవములు ఒకదానికొకటి అంటుకొని, కాలేయము జీర్ణాశయమునకు అతుక్కొని ఉంటాయి. కొన్ని రక్తనాళములు మొదటిసారే ఖండింపబడి ఉంటాయి గనుక కొత్త స్టేపుల్స్ వరుసకు పాత వరుసకు నడుమ రక్తము అందని భాగము మిగిలిపోయే ప్రమాదము ఉన్నది. ఈ కారణముల వలన కుట్ల వద్ద కారుట, రక్తస్రావము, చీము పట్టుట మొదటి శస్త్రచికిత్సలో కంటె ఎక్కువగా జరుగుతాయి. ఆసుపత్రిలో ఉండవలసిన రోజులు కూడ పెరుగవచ్చును. బరువు తగ్గుదల సాధారణముగా మొదటిసారి కంటె తక్కువగా ఉంటుంది. ఈ రంగములో ప్రత్యేక అనుభవము గల వైద్యులు, ఎండోస్కోపీ, స్కాను, ఇంటెన్సివ్ కేర్ సౌకర్యములు అన్నీ ఒకేచోట ఉన్న ఆసుపత్రులలో చేయించుకొనుట శ్రేయస్కరము.

తెలుగు రాష్ట్రములలో

హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నము వంటి నగరములలో స్థూలకాయ శస్త్రచికిత్సలు జరుగుతున్నాయి. శస్త్రచికిత్స నగరములో జరిగినను, రోగి తరువాతి జీవితము తన ఊరిలోనే గడుస్తుంది. విదేశములలో నివసించేవారు సెలవులలో స్వదేశమునకు వచ్చి చేయించుకొని తిరిగి వెళ్ళినపుడు, లేదా అక్కడ చేయించుకొని ఇక్కడ స్థిరపడినపుడు కూడ ఇదే పరిస్థితి. ఉపద్రవము వచ్చిన రాత్రి మొదట చూచే వైద్యుడు మొదటి శస్త్రచికిత్స చేసినవాడు కాకపోవుటయే ఎక్కువ.

స్థానికముగా గమనింపదగిన అంశములు కొన్ని ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులకు మందుల దుకాణములో చీటీ లేకుండ కొనే మాత్రలు అతుకు వద్ద పుండుకు కారణము కాగలవు. చుట్ట, బీడీ, సిగరెట్టు మూడును ఈ విషయములో సమానమే. వరి అన్నము ప్రధానముగా గల భోజనములో, తినగలిగే కొద్దిపాటి పరిమాణమంతా అన్నముతోనే నిండితే మాంసకృత్తులకు చోటుండదు. కావున పప్పు, గ్రుడ్డు, పెరుగు, చేప, మాంసము వంటివి ముందుగా తిని అన్నమును తరువాత తినుట మంచిది. శాకాహారులు బి12 విషయములో మరింత జాగ్రత్త వహించవలెను.

రోగులు గుర్తుంచుకొనవలసినవి

* శస్త్రచికిత్స వివరణ పత్రమును, డిశ్చార్జి పత్రమును భద్రపరచవలెను. పద్ధతి పేరు, తేదీ గల చిన్న చీటీని వెంట ఉంచుకొనవలెను.
* విటమిను మాత్రలు, వార్షిక రక్త పరీక్షలు జీవితాంతము కొనసాగవలెను. ఆరోగ్యముగా ఉన్నామని మానరాదు.
* వాంతులు రెండు మూడు రోజులకు మించి సాగినా, ద్రవములు నిలువకపోయినా వెంటనే వైద్యుని సంప్రదించి థయమిన్ విషయము అడుగవలెను.
* భోజనానంతరము తరచుగా వచ్చి పోయే తీవ్రమైన కడుపు నొప్పిని, ఎన్ని సంవత్సరములు గడిచినను, అజీర్ణముగా భావించి ఉపేక్షించరాదు.
* నల్లని విరేచనము, రక్తపు వాంతి, కారణము తెలియని గుండెదడ, జ్వరము అత్యవసర లక్షణములు.
* నొప్పి నివారణ మాత్రలను వైద్యుని అనుమతి లేకుండ వాడరాదు.
* గర్భము ధరించదలచినవారు శస్త్రచికిత్స తరువాత 12 నుండి 18 నెలల వరకు వేచి ఉండుట మంచిది. గర్భిణిగా ఉన్నపుడు ప్రసూతి వైద్యురాలికి పూర్వపు శస్త్రచికిత్స సంగతి తెలుపవలెను.

స్థూలకాయ శస్త్రచికిత్స వలన మధుమేహము, రక్తపోటు, నిద్రలో శ్వాస ఆగుట వంటి వ్యాధుల నుండి ఎందరో ఉపశమనము పొందుచున్నారు. పునఃశస్త్రచికిత్స అవసరము కలిగినంత మాత్రమున మొదటిది వృథా అయినదని గాని, రోగి తప్పు చేసినాడని గాని భావించరాదు. మార్చిన జీర్ణనాళమునకు జీవితాంతము పర్యవేక్షణ కావలెను. ఆ పర్యవేక్షణ సక్రమముగా జరిగినచోట పలు లోపములు మందులతోనే సరియగును, మిగిలినవి ప్రమాదము ముదరక మునుపే శస్త్రవైద్యుని దృష్టికి వచ్చును.